పెన్ను తీసే ముందు ఒక్కసారి లెక్కని చూడండి

మారతహళ్ళిలో మా అక్క కూతురికి టెన్త్ ట్రిగనామెట్రీ చెప్తున్నా ఈమధ్య, ఎంత హాయిగా ఉందో. టాన్ 1° నుంచి టాన్ 89° దాకా అన్నీ గుణించమంటే పిల్ల గబగబా రాయబోయింది, ఆగమ్మా ముందు రెండు చివర్లూ చూడు అన్నా. టాన్ 89° అంటే కాట్ 1°యే కదా, రెండూ గుణిస్తే 1, అలాగే 2°కి 88°, 3°కి 87°, జతలన్నీ పోయి మధ్యలో టాన్ 45° ఒక్కటే మిగుల్తుంది, అదీ 1నే! "అంతేనా పిన్నీ?" అంటూ కళ్ళు ఇంత చేసుకుంది. తర్వాత అవే డిగ్రీలకి సైన్ స్క్వేర్‌లు కూడమంటే తనే జతలు కట్టేసింది, సైన్ 89° అంటే కాస్ 1°యే కాబట్టి ఒక్కో జత స్క్వేర్‌లు కూడితే 1, అలాంటివి 44 జతలు, పైన మధ్యలో మిగిలిన సైన్ 45° స్క్వేర్ ఒక అర, మొత్తం 44.5. ఫార్ములాలు బట్టీ పట్టించే ముందు పిల్లల్ని కాసేపు ఇలా చూడనివ్వాలి అసలు. రేపటికి కాస్ 1° నుంచి కాస్ 90° దాకా గుణించమని ఇచ్చా, ఎక్కడ చూడాలో మాత్రం చెప్పలేదు.