నల్ల టేపు ల్యాప్‌టాప్

“అక్కా, ఇది మా పాత ల్యాప్‌టాపేనా?” అంటా ఉంది పక్కింటి పాప. మూత ఊడిపోకుండా నల్ల టేపు చుట్టిన అదే డబ్బా. తెర మీద మాత్రం ఇప్పుడు విండోస్ బదులు కేడీఈ ప్లాస్మా, అంటే లినక్స్ మీద నడిచే ఉచిత డెస్క్‌టాప్.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. ఈ పాత ప్రాసెసర్‌ను విండోస్ 11 ఒప్పుకోదు. “పాత సామాన్లోళ్లకి వేసేయండి” అన్నాడంట షాపాయన. తిరుపతిలో పూలంగడి పెట్టుకోని బతికే వాళ్ల నాయన కొత్తది యాడ తెస్తాడు? నాకు భలే కోపమొచ్చింది. మిషన్‌కి ఏ రోగమూ లేదు కదా!

ఇట్లాంటి వాటిని కాపాడుకోమనే ‘ఎండ్ ఆఫ్ 10’ ప్రచారంలో కేడీఈ వాళ్లు కూడా చేయి కలిపినారు. కేడీఈ 1996లో మత్తియాస్ ఎట్రిష్ అనే జర్మనీ విద్యార్థి మొదలుపెట్టిన పని. 2024 ఫిబ్రవరిలో ప్లాస్మా 6 దాకా వచ్చింది. ముక్కూ మొహం తెలియని వాళ్లు రాసిన కోడ్‌తో మా వీధి పిల్ల ఈ పొద్దు రికార్డు టైపు చేసుకుంటా ఉంది. నాకెంత సంతోషమో చెప్పలేను.

టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైపు చేసే కిటికీలో, తెలుగు వత్తులు విడిపోతా ఉండాయని తనే కనిపెట్టింది. ఆదివారం ఇద్దరం కూర్చోని ఈ తప్పు గురించి కేడీఈ వాళ్లకి బగ్ రిపోర్ట్ పెడతాం.