అల్లుడి ముత్తాత కోసం అడంగల్ తిరగేసినట్టు: ఆరు నెలల వెతుకులాట

రెవెన్యూ శాఖలో ముప్ఫై మూడేళ్లు చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి ఐర్లాండ్‌లో కార్క్ నగరంలో ఉంటుంది. అల్లుడు అక్కడివాడే. 2025 జూన్‌లో మూడు నెలల వీసా మీద వెళ్లాం. మొదటి వారమంతా వాన. ఆ ఖాళీలో మా వియ్యపురాలు ఒక రేకు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. ఆవిడ భర్త పోయి నాలుగేళ్లయింది. ఆయన వైపు వాళ్ల కాగితాలన్నీ అందులో ఉన్నాయి. "మీరు జీవితమంతా పాత రికార్డులే చూశారట కదా, ఇవీ చూడండి" అంది. మర్యాదకి అన్నదేమో, నేను నిజమనుకున్నాను.

డబ్బాలో పనికొచ్చే కాగితం ఒక్కటే. అల్లుడి ముత్తాత బాప్టిజం సర్టిఫికెట్. పుట్టింది 1886. చెమ్మ పట్టి పారిష్ (ఒక చర్చి కిందికొచ్చే ఊళ్లు) పేరు చెరిగిపోయింది. "కెర్రీ డయోసీస్" అన్న మాట మాత్రం చదవడానికి వస్తోంది. డయోసీస్ అంటే ఒక బిషప్ కింద ఉండే పారిష్‌లన్నీ. అందుకే ఇంట్లో అందరూ తమది కెర్రీ జిల్లా అనుకుంటున్నారు. ఇంటిపేరు ఇక్కడ రాయను. ఐర్లాండ్ నైరుతి మూలలో నిలబడి ఆ పేరుతో కేకేస్తే సగం ఊరు వెనక్కి తిరిగి చూస్తుంది, అంత మామూలు పేరు.

మొదటి పది రోజులు పూర్తిగా దండగ. ఐర్లాండ్ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల సైట్‌లో 1901, 1911 జనాభా లెక్కలు పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు. కెర్రీ జిల్లా పెట్టి వెతికితే పదిహేనేళ్ల కుర్రాళ్లు ఆ పేరుతో కొల్లలుగా వచ్చారు. ఒక్కొక్కరినీ నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోయాను. పదకొండో రోజున మ్యాపు ముందేసుకుని చూస్తే అప్పుడు తట్టింది. చర్చి హద్దులు వేరు, జిల్లా హద్దులు వేరు. మన దగ్గర అసెంబ్లీ నియోజకవర్గం, మండలం ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవు కదా, అలాగే. బేరా అనే ద్వీపకల్పంలో చాలా భాగం కార్క్ జిల్లాలో ఉంది, కానీ చర్చి లెక్కలో అక్కడి పారిష్‌లు కెర్రీ డయోసీస్ కిందకి వస్తాయి. కుటుంబం మొత్తం ఇన్నేళ్లూ పక్క జిల్లాలో వెతుకుతోందన్నమాట.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఐరిష్ వంశవృక్షం అనగానే అందరూ "అన్నీ కాలిపోయాయి" అంటారు. అది సగమే నిజం. 1922 జూన్ 30న అంతర్యుద్ధంలో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ఆవరణలో ఉన్న పబ్లిక్ రికార్డ్ ఆఫీసు పేలుడులో, మంటల్లో నాశనమైంది. 1821 నుంచి 1851 దాకా తీసిన జనాభా లెక్కలు కొన్ని ముక్కలు తప్ప అక్కడే పోయాయి. 1861, 1871 లెక్కల్ని మాత్రం ఏ మంటా తాకలేదు. తీసిన కొద్ది కాలానికే ప్రభుత్వమే వాటిని నాశనం చేయించింది. 1881, 1891 లెక్కలు మొదటి ప్రపంచ యుద్ధంలో కాగితం కరువొచ్చి గుజ్జు చేసేశారు. ఇది చదివి ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. రికార్డు రూము తాళాలు నడుముకు కట్టుకు తిరిగినవాడికి తెలుస్తుంది ఆ బాధ.

ఫోర్ కోర్ట్స్‌లో లేనివి బతికాయి. 1864 నుంచి జనన మరణ వివాహాల నమోదు, కాథలిక్ పారిష్ రిజిస్టర్లు, గ్రిఫిత్ వాల్యుయేషన్ అనే భూమి విలువల పుస్తకాలు. మొదటి దానికి ఐరిష్‌జెనియాలజీ డాట్ ఐఈ అనే ప్రభుత్వ సైటుంది. వందేళ్లు దాటిన జననాలు, డెబ్బై ఐదేళ్లు దాటిన పెళ్లిళ్లు, యాభై ఏళ్లు దాటిన మరణాలు అసలు పేజీ ఫోటోతో సహా ఉచితం. పారిష్ రిజిస్టర్లు సుమారు 1880 దాకా నేషనల్ లైబ్రరీ సైట్‌లో ఉన్నాయి, అవీ ఉచితమే. కాకపోతే ఆ సైట్‌లో పేరు కొట్టి వెతకడం కుదరదు. మైక్రోఫిల్మ్ తిప్పినట్టు పేజీ పేజీ చూసుకోవాలి.

జిల్లా మార్చి మళ్లీ 1901 తీశాను. బేరాలో ముత్తాత పేరుకు, వయసుకు సరిపోయే ఇళ్లు మూడు వచ్చాయి. ఏది మనది? ఇంట్లోవాళ్లకు గుర్తున్నది ఇంకొక్క పేరే. అమెరికా వెళ్లిపోయిన ముత్తాత అక్క "అబీ". మూడిళ్లలోనూ అబీ లేదు. రెండు రోజులు కొట్టుకున్నాక వియ్యపురాలే తేల్చింది. గోబ్నెట్ అని ఆ ప్రాంతపు సెయింట్ పేరుంది, ఇంగ్లీషులో రాసేటప్పుడు దాన్ని అబిగయిల్ అనో డెబొరా అనో రాసేవాళ్లట. రెండో ఇంట్లో పదిహేడేళ్ల గోబ్నెట్ ఉంది! జనన రిజిస్టర్‌లో ఆ పిల్లే అబిగయిల్. ఇలాంటివి ముందే ఒక పట్టీ రాసి పెట్టుకోవాలి. జెరెమయా, డార్బీ, డెర్మట్ ముగ్గురూ ఒక్కడే కావచ్చు, అసలు ఐరిష్ పేరు డియర్మిడ్. డెలియా అంటే బ్రిజిట్. ఇంటిపేరు ముందు "ఓ" అనే అక్షరం ఒక కాగితంలో ఉంటుంది, ఇంకో కాగితంలో ఉండదు. అది చూసి వేరే కుటుంబం అనుకోకూడదు.

ఆ ఇంటి పెద్ద పేరు జెరెమయా, అంటే ముత్తాత తండ్రి. 1901లో ఆయన వయసు 55. చదవడం రాదు, ఐరిష్, ఇంగ్లీషు రెండూ మాట్లాడతాడు. 1911లో అదే మనిషి వయసు 71. పదేళ్లలో పదహారేళ్లు పెరిగాడు! ఇది చూసి మా అల్లుడు వేరే మనిషేమో అన్నాడు. నాకు నవ్వొచ్చింది. 1909 జనవరి నుంచి డెబ్బై ఏళ్లు నిండిన వాళ్లకు వృద్ధాప్య పింఛను మొదలైంది. పింఛను రాగానే ఊళ్లో వయసులు పెరగడం నేను సర్వీసులో కళ్లారా చూసినదే. పళ్లన్నీ గట్టిగా ఉన్నవాడు వచ్చి నాకు డెబ్బై అంటాడు, మనం రేషన్ కార్డు తియ్యమంటాం.

వాళ్లకూ ఒక రేషన్ కార్డు లాంటిది ఉంది. పుట్టినట్టు నమోదు 1864లోగాని మొదలవలేదు కాబట్టి, పింఛనుకు అర్జీ పెట్టినవాళ్ల వయసు తేల్చడానికి అధికారులు 1841, 1851 జనాభా లెక్కల్లో వెతికించేవాళ్లు. 1922లో అసలు పుస్తకాలు కాలిపోయినా, ఈ వెతుకులాట ఫారాలు మిగిలాయి. అవి నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లోనే ఉన్నాయి. జూలై 9న జెరెమయా ఫారం దొరికింది. తండ్రి మైకేల్, తల్లి పేరు పుట్టింటి పేరుతో సహా, ఊరి పేరు అన్నీ ఉన్నాయి. కింద జవాబు: 1851లో ఈ అబ్బాయి దొరికాడు, వయసు 8. అంటే 1911లో ఆయనకు అసలు వయసు 68. 1901లో మూడేళ్లు దాచాడు, 1911లో మూడేళ్లు కలిపాడు. పింఛను ఇచ్చారో లేదో ఫారంలో లేదు. నా దగ్గరికి వస్తే నేనూ తిప్పి పంపేవాణ్ణే, కానీ ఆయన అబద్ధం ఆడకపోయి ఉంటే తల్లి పేరు మాకు దొరికేదే కాదు.

తర్వాత పనులు చకచకా సాగాయి. జెరెమయా 1883 నాటి పెళ్లి నమోదు దొరికింది. అందులో ఇద్దరి తండ్రుల పేర్లుంటాయి, తల్లుల పేర్లుండవు. వరుడి వృత్తి గని కార్మికుడు. 1886లో కొడుకు పుట్టినప్పటి నమోదులో అదే మనిషి రైతు. అలిహీస్ అనే ఊళ్లో రాగి గనులుండేవి. పక్స్‌లీ కుటుంబం 1812లో మొదలుపెట్టింది. 1884లో అవి మూతపడ్డాయి. రెండు రిజిస్టర్లలో ఒక్క మాట మారింది, ఆ మాట వెనక ఊరంతా ఉంది. అక్కడి గని కార్మికులు అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని బ్యూట్ అనే రాగి గనుల ఊరికి పెద్ద సంఖ్యలో తరలిపోయారు. అబీ వెళ్లింది కూడా అక్కడికే.

ఇక నాకు అసలు రుచి తగిలింది గ్రిఫిత్ వాల్యుయేషన్‌లో. రిచర్డ్ గ్రిఫిత్ ఆధ్వర్యంలో 1847 నుంచి 1864 మధ్య దేశమంతా భూమికి, ఇళ్లకు శిస్తు విలువ కట్టి అచ్చు వేశారు. ఆస్క్ అబౌట్ ఐర్లాండ్ సైట్‌లో మ్యాపుతో సహా ఉచితం. తెరిచి చూస్తే మన అడంగలే! అనుభవదారు కాలమ్, భూమి ఎవరి దగ్గర తీసుకున్నాడో ఆ కాలమ్, విస్తీర్ణం, విలువ. లెక్క ఎకరాలు, రూడ్లు, పెర్చీల్లో ఉంటుంది. ఎకరానికి 4 రూడ్లు, రూడుకు 40 పెర్చీలు. మన లెక్కలో రూడు అంటే 25 సెంట్లు. మైకేల్ సాగు 11 ఎకరాల 3 రూడ్ల 24 పెర్చీలు, అంటే 11 ఎకరాల 90 సెంట్లు. అల్లుడికి ఇలా చెబితే అర్థం కాలేదు గానీ నాకు ఆ పొలం కళ్ల ముందుకొచ్చింది.

ఇక్కడ మూడు గుర్తులు తెలుసుకోవాలి. మొదటి కాలమ్‌లో ఉండే అంకె మ్యాపు నంబరు. దాని పక్కన పెద్ద ఏ, బీ అక్షరాలుంటే అవి భూమి ముక్కలు, చిన్న అక్షరాలుంటే ఇళ్లు. కొందరి పేర్లను కలిపి బ్రాకెట్ వేస్తే ఉమ్మడి సాగు. ఒకే ఊళ్లో ఇద్దరు మైకేళ్లుంటే పేరు పక్కన తండ్రి పేరో మారుపేరో పెడతారు. మేం వెతుకుతున్న ఊళ్లోనూ ఇద్దరు మైకేళ్లున్నారు. ఒకడి పక్కన డార్బీ అని ఉంది. వాళ్లలో పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండో కొడుక్కి తల్లి తండ్రి పేరు పెట్టే ఆనవాయితీ ఉంది. తాత పేరు మనవడికి పెట్టుకునే మనకు అది కొత్తేమీ కాదు. జెరెమయా అన్నా డార్బీ అన్నా ఒకటే కాబట్టి, డార్బీ కొడుకు మైకేలే మనవాడని అనుమానం. దాన్ని రుజువు అనుకోకుండా పారిష్ రిజిస్టర్‌తో పోల్చి చూశాకే పెన్నుతో రాశాను, అప్పటిదాకా పెన్సిలే.

పెద్ద ఇబ్బంది ఊరి పేరు. అక్కడ టౌన్‌ల్యాండ్ అంటారు. పేరులో టౌన్ ఉన్నా అది మన ఊరి శివారు లాంటిది, దేశం మొత్తం మీద అరవై వేల పైచిలుకు ఉన్నాయి. దాని మీద సివిల్ పారిష్, బారనీ, పూర్ లా యూనియన్, జిల్లా అని పెద్ద హద్దులు. ఒక్కో రికార్డు ఒక్కో హద్దు వాడుతుంది. స్పెల్లింగు కూడా గుమాస్తా ఇష్టం. లోగానిమ్ డాట్ ఐఈలో ఊరి పేరు పాత రూపాలన్నీ ఉంటాయి, టౌన్‌ల్యాండ్స్ డాట్ ఐఈలో హద్దులు కనిపిస్తాయి. నేను మనిషి పేరు పక్కన పెట్టేసి ఊరి పేరుతో వెతకడం మొదలుపెట్టిన రోజు నుంచే పని కదిలింది. మనుషుల పేర్లు వందల్లో ఉంటాయి. ఆ కొండ పక్క ఆ పన్నెండెకరాలు ఒకటే.

ఆగస్టు మొదట్లో అల్లుడూ నేనూ రైలెక్కి డబ్లిన్ వెళ్లాం. పాత వాల్యుయేషన్ ఆఫీసును ఇప్పుడు టాల్చా ఏరన్ అంటున్నారు. గ్రిఫిత్ తర్వాత భూమి చేతులు మారినప్పుడల్లా రాసిన సవరణ పుస్తకాలు అక్కడ చూడాలి. మన మ్యుటేషన్ రిజిస్టరే. పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాస్తారు, ఒక్కో ఏడాది సవరణకు ఒక్కో రంగు సిరా. అంచులో ఉన్న ఏడాది ఏ రంగులో ఉందో చూసి, పేరు మారింది ఎప్పుడో పోల్చుకోవాలి. నలుపు తెలుపు కాపీ తెచ్చుకుంటే ఎందుకూ పనికిరాదు. జెరెమయా పేరు కొట్టేసి కొడుకు పేరు రాసింది 1916. దాన్ని పట్టుకుని వెనక్కి వెతికితే 1915లో మరణ నమోదు దొరికింది. పక్కనే ఎల్ఏపీ అనే ముద్ర ఉంది. భూకొనుగోలు చట్టాల కింద కౌలుదారు ఆ భూమికి హక్కుదారు అయ్యాడని దాని అర్థం. అల్లుడి భుజం తట్టి "మీకు పట్టా వచ్చిందయ్యా" అన్నాను.

మధ్యాహ్నం కిల్డేర్ స్ట్రీట్‌లోని నేషనల్ లైబ్రరీకి వెళ్లాం. అక్కడ వంశవృక్షాల సలహా ఉచితంగా ఇస్తారు. ఇంట్లో చేయగలిగినంతా చేశాక, ఒక ప్రశ్న పట్టుకుని వెళితేనే లాభం.

డబ్బు పోయింది ఒక్కచోటే. ఒక చందా సైట్‌కి నెల డబ్బు కట్టాక తెలిసింది, మా పారిష్ వాళ్ల జాబితాలోనే లేదని. కట్టకముందే జాబితా చూడాలి, నేను చూడలేదు. ఇంకో తప్పు, బ్యూట్‌లో దొరికిన ఒక అబిగయిల్‌ని మన అబీ అనుకుని వియ్యపురాలికి ఫోన్ చేసి చెప్పేశాను. తర్వాత ఆ అబిగయిల్ తండ్రి పేరు వేరని తేలింది. ఇలాంటిది పెద్ద పెద్ద వాళ్లకే జరిగింది. 1892 జనవరి 1న న్యూయార్క్ ఎల్లిస్ ఐలాండ్‌లో మొట్టమొదట దిగినది కార్క్ అమ్మాయి యానీ మూర్. టెక్సాస్‌లో చనిపోయిన ఒకావిడే ఆ యానీ అని దశాబ్దాలపాటు అందరూ నమ్మారు. అసలు యానీ న్యూయార్క్ దాటి వెళ్లనే లేదని 2006లో తేలింది.

వచ్చేముందు అందరం అలిహీస్ వెళ్లొచ్చాం. కొండ మీద గని ఇంజన్ ఇల్లు ఇంకా నిలబడి ఉంది, ఊళ్లో గనుల మ్యూజియం ఉంది. పొలం దగ్గర ఇప్పుడు గొర్రెలు మేస్తున్నాయి. రాళ్లు, గడ్డి, ఎదురుగా సముద్రం. పదకొండెకరాల తొంభై సెంట్లలో దుక్కి దున్నేది ఎకరం కూడా ఉండదు. వియ్యపురాలు గోడ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. నేను ఫోన్‌లో మ్యాపు పెట్టుకుని హద్దు రాళ్లు ఎక్కడున్నాయా అని చూస్తున్నాను. మా ఆవిడ కసిరితే గానీ ఆపలేదు.

ఇప్పుడు డిసెంబరు. విజయవాడలో కూర్చుని రాత్రి భోజనాలయ్యాక గంటసేపు చూస్తున్నాను. అన్నీ ఆన్‌లైనే కాబట్టి ఇబ్బంది లేదు. 1937 నుంచి 1939 దాకా బడి పిల్లలు పెద్దవాళ్లనడిగి రాసిన ఊరి కథలు డూహస్ డాట్ ఐఈలో ఉన్నాయి, అల్లుడి వాళ్ల ఊరి బడి పుస్తకం సగం చదివాను. 1926 ఏప్రిల్ 18న తీసిన జనాభా లెక్కలు వందేళ్లు నిండి 2026 ఏప్రిల్‌లో బయటికి రావాలి. ఆ ఇంట్లో అప్పటికి ఎవరు మిగిలారో చూడాలి.

మిగిలిన పని ఒకటుంది. 1911 ఫారంలో పెళ్లయిన ఆడవాళ్లను ఎన్నేళ్లయింది, ఎంతమంది పుట్టారు, ఎంతమంది బతికున్నారు అని అడిగారు. జెరెమయా భార్య వరుసలో 28, 10, 7 అని ఉంది. పోయిన ముగ్గురిలో ఇద్దరి మరణ నమోదులు దొరికాయి. ఒకరికి నాలుగేళ్లు, ఒకరికి ఎనిమిది నెలలు. మూడో బిడ్డ పుట్టినట్టు కూడా ఎక్కడా లేదు. 1889కీ 1893కీ మధ్య పిల్లల వరుసలో ఒక ఖాళీ ఉంది. ఇంటిపేరు అక్షరాలు మార్చి మార్చి, కాసిల్‌టౌన్ రిజిస్ట్రేషన్ జిల్లా ఆ నాలుగేళ్ల పేజీలు ఒక్కొక్కటే తెరుస్తున్నాను. నిన్న రాత్రికి 1890 ఆగస్టు దాకా వచ్చాను.