7.3 డీజిలా, 460 పెట్రోలా: ట్రక్కుల పంచాయితీ ఇంకా తెగలేదు

నా డీజిల్ ట్రక్కులో, ఇంజెక్టర్ల దగ్గర మిగిలిన డీజిల్‌ని ట్యాంకుకి తిప్పి పంపే రిటర్న్ లైన్ ఓ-రింగులన్నీ మార్చేశాక, పొద్దుటిపూట బండి లేవని గొడవ వదిలిపోతుందనుకున్నాను. వదల్లేదు. రాత్రంతా నిలబడిన బండి తెల్లారాక పదిహేను సెకన్లు తిరిగితే గానీ దగ్గదు. దగ్గి ఆగిపోతుంది. మళ్లీ తిప్పితే తెల్లటి పొగ ఒక మేఘంలా వదిలి, అప్పుడు లేస్తుంది. ఒకసారి లేచిందంటే మాత్రం సాయంత్రం దాకా తాళం తాకితే చాలు.

బండి 1990 ఫోర్డ్ ఎఫ్-250, టర్బో లేని 7.3 లీటర్ల ఐడీఐ (పాత తరహా డీజిల్ ఇంజన్), ఐదు గేర్ల మాన్యువల్, రెండు ట్యాంకులు. పక్కనే మా బావ ట్రక్కు ఉంటుంది: 1989 ఎఫ్-250, 460 క్యూబిక్ ఇంచుల పెట్రోల్ ఇంజన్. మేం ఉండేది టెక్సస్‌లోని మెకిన్నీలో. బావ ఊరవతల కొంచెం పొలం కొని మేకలు పెంచుతున్నాడు, ట్రైలర్ లాగాలి, 460 తాగే పెట్రోలు చూసి బేజారెత్తిపోతున్నాడు. అందుకే ఈ బేరం పెట్టాడు: "నీది నాకివ్వు, నాది నువ్వు తీసుకో, పైన ఎంతో కొంత ఇస్తాలే."

"పొద్దున్నే లేవని బండి నీకెందుకు బావా?"

"మేకలకి తొందరేముంది!"

ఆయన నవ్వేశాడు కానీ డీజిల్ లైన్‌లో గాలి పట్టే బండిని చుట్టాల చేతిలో పెట్టి తర్వాత పండక్కి ఒకే బంతిలో కూర్చుని భోంచేయడం నావల్ల కాదు. ముందు రోగం తేలాలి, తర్వాతే బేరం.

ఈ మధ్య అయిన మిగతా పనులు: ముందు బ్రేకులు అయ్యాయి, వెనక ట్యాంకు గేజి నిజం చెబుతోంది, ఏసీ చల్లగా వస్తోంది.

ఇక అసలు సంగతి. ఐడీఐ స్టార్ట్ కాకపోతే అందరూ మొదట గ్లో ప్లగ్గులనే (చల్లటి ఇంజన్‌ని వేడిచేసే ప్లగ్గులు) అంటారు. నేను వాటి జోలికి ముందే వెళ్లకపోవడానికి కారణం పొగ. గ్లో ప్లగ్గులు పోతే ఇంజన్ తిరిగేటప్పుడే పొగ గొట్టంలోంచి తెల్లగా వస్తుంది, ఎందుకంటే డీజిల్ సిలిండర్లోకి వెళ్తోంది, మండట్లేదు. నా బండికి మొదటి పది సెకన్లు అసలేమీ రాదు, పొగ గొట్టం దగ్గర చెయ్యి పెడితే వట్టి గాలి. అంటే డీజిలే అందట్లేదు. అయినా నోళ్లు మూయించడానికి ఎనిమిదింటినీ కొలిచాను: అన్నీ ఒక ఓమ్ లోపే, వాటికొచ్చే వోల్టేజి 11కి దగ్గర, డ్యాష్‌బోర్డు మీది ప్లగ్గుల లైటు ఎనిమిది తొమ్మిది సెకన్లకి ఆరుతోంది, రిలే టకటకలాడట్లేదు. ప్లగ్గుల విషయంలో నాది ఒకటే మాట: మోటర్‌క్రాఫ్ట్ లేదా బెరు, అంతే. చవక ప్లగ్గుల కొన ఉబ్బి లోపలే ఇరుక్కుంటే తియ్యడం నరకం.

బ్యాటరీలు రెండూ 12.6 వోల్టులు, స్టార్టర్ తిప్పేటప్పుడు 10.4. క్రాంక్ పుల్లీ మీద రిఫ్లెక్టర్ ముక్క అంటించి ట్యాకోమీటరుతో చూస్తే 190 ఆర్‌పీఎం వచ్చింది, ఈ ఇంజన్‌కి అది ధారాళం. ఇంజెక్షన్ పంపు మీది షటాఫ్ సోలినాయిడ్ (డీజిల్ దారిని తెరిచి మూసే కరెంటు స్విచ్చు) తాళం పెట్టగానే టక్కుమంటోంది, 12 వోల్టులూ వస్తున్నాయి. ఫిల్టర్ హెడ్ మీద టైరు వాల్వు లాంటిది ఉంటుంది కదా, పొద్దున దాన్ని నొక్కితే డీజిల్ చిమ్మాల్సింది పోయి కాసేపు బుస్సుమని గాలొచ్చింది. గుంటూరు నుంచి వీడియో కాల్‌లో చూస్తున్న నాన్న వెంటనే, "ఎయిర్ పట్టిందిరా, ఎక్కడో లాగుతోంది" అన్నారు. ట్రాక్టరుతో, నీళ్ల ఇంజన్‌తో జీవితం గడిపిన మనిషి. ఎక్కడో అన్నది తేల్చడమే నా పని.

డ్రైవ్‌వేలో బండి ముక్కు పైకి ఉండేలా నిలిపితే పదిహేను సెకన్లు. తిప్పి, ముక్కు కిందికి పెడితే ఐదారు. ఇంజన్ ఎత్తులో ఉన్నప్పుడు డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతోందన్నమాట. దారులు రెండు: ఫిల్టర్ వైపు నుంచి సప్లై లైన్‌లోకి, లేదా పంపు, ఇంజెక్టర్ల మీదుగా రిటర్న్ లైన్‌లోకి.

ఫిల్టరుకీ పంపుకీ మధ్య ఒకటి, పంపు రిటర్న్‌కి ఒకటి, పారదర్శకమైన ట్యూబులు వేశాను. (హార్డ్‌వేర్ షాపు పీవీసీ ట్యూబు పరీక్ష వరకే, వారంలో గాజులా గట్టిపడిపోతుంది, వదిలేయకండి.) రాత్రి రెండూ నిండుగా ఉన్నాయి. పొద్దున సప్లై ట్యూబులో వేలెడు బుడగ తప్ప మిగతాది నిండే ఉంది, రిటర్న్ ట్యూబు మాత్రం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఖాళీ. స్టార్టయ్యాక దాదాపు నలభై సెకన్లు బుడగలు వరసకట్టి పోయి, తర్వాత ఆగాయి.

అయినా ట్యాంకులనీ, ఏ ట్యాంకు నుంచి తీయాలో మార్చే సెలెక్టర్ వాల్వునీ, ఫ్రేము వెంబడి రబ్బరు గొట్టం ముక్కలనీ లెక్కలోంచి తీసేయాలంటే ఇంకో పరీక్ష కావాలి. ఐదు గ్యాలన్ల క్యాను పెట్టి, కొత్త గొట్టంతో నేరుగా, ట్యాంకు నుంచి డీజిల్ లాగే లిఫ్ట్ పంపు ఇన్‌లెట్‌కి కలిపాను. ఇక్కడ చాలామంది క్యానుని ఇంజన్ మీద పెడతారు, బండి గుక్క తిప్పుకోకుండా లేస్తుంది, ట్యాంకుదే తప్పని తీర్పు ఇచ్చేస్తారు. క్యాను పైనుంటే డీజిల్ దానంతటదే కిందికి దిగుతుంది, గాలి లాగాల్సిన చోటే డీజిల్ కారుతుంది. ట్యాంకు మంచిదైనా చెడ్డదైనా బండి లేస్తుంది. అందుకని ముందు క్యానుని నేల మీద, ట్యాంకు ఎత్తుకే పెట్టాను. పొద్దున పదిహేను సెకన్లు, ఏ మార్పూ లేదు. ట్యాంకులు, సెలెక్టర్ వాల్వు నిర్దోషులు.

తర్వాత ఫిల్టర్ హెడ్ నుంచి రిటర్న్‌లోకి వెళ్లే సన్నని వెంట్ లైన్. దాని చెక్ వాల్వు ముసలిదైతే ఇదే పని చేస్తుందంటారు. దాన్ని మూసేసి, ఫిల్టర్ హీటరునీ పీకి బిరడా పెట్టాను, టెక్సస్‌లో దానితో పనేముంది. పదిహేను తొమ్మిదయింది. సంతోషమే, కానీ తొమ్మిది కూడా రోగమే. రిటర్న్ గొట్టాన్ని క్లాంపుతో రాత్రంతా నొక్కి ఉంచితే మూడు సెకన్లు. (స్టార్ట్ చేసే ముందు క్లాంపు తీయాలి. పొద్దున మర్చిపోకుండా దానికి తాళంచెవి వేలాడదీశాను.) డీజిల్ వెనక్కి జారడం (సైఫన్) ఆ దారినే జరుగుతోందని ఖాయమైంది, కానీ గాలి ఇంజెక్టర్ల మీది రిటర్న్ క్యాపుల దగ్గర దూరుతోందా, పంపు దగ్గరా అన్నది ఇది చెప్పదు. రెండూ అదే లైన్‌లో కలుస్తాయి.

అప్పుడు క్యానుని పైకెక్కించాను, ఈసారి స్టార్ట్ కోసం కాదు, కారుడు కోసం. ఇంజన్ అంతా బ్రేక్ క్లీనర్‌తో కడిగి, ఆరనిచ్చి, ప్రతి క్యాపు కిందా, ప్రతి నట్టు కిందా, పంపు చుట్టూ తెల్ల టిష్యూ ముక్కలు దోపాను. పొద్దున అన్నీ పొడిగా ఉన్నాయి, పంపు థ్రాటిల్ లీవర్ కిందిది తప్ప. దాని మీద క్వార్టర్ బిళ్లంత తడి, అంచుల్లో పసుపు, వాసన చూడక్కర్లేదు.

నా బండి ఇంజెక్షన్ పంపు స్టానడైన్ డీబీ2. అందులో థ్రాటిల్ షాఫ్ట్ బయటికొచ్చే చోట ఓ-రింగులు ఉంటాయి. 2006 నుంచి అమెరికాలో సల్ఫర్ 15 పీపీఎం (పది లక్షల్లో 15 వంతులు) మించని డీజిల్ వచ్చాక పాత రబ్బరు సీళ్లు ముడుచుకోవడం ఈ పంపులకి కొత్త కాదు. పైగా మాకు పొద్దున 38 ఫారెన్‌హీట్ ఉన్నప్పుడు గొడవ ఎక్కువ, 60 దాటితే తగ్గుతోంది. చలికి రబ్బరు బిగుసుకుని సందు ఇస్తోందని నా అనుమానం. ఇంజన్ నడుస్తున్నప్పుడు పంపు లోపల ఒత్తిడి ఉంటుంది కాబట్టి గాలి దూరదు, చుక్క బయటికొచ్చినా వేడికి ఆరిపోతుంది. అందుకే ఇన్నాళ్లూ కనపడలేదు. కొందరు సీళ్ల కోసమని ట్యాంకులో టూ-స్ట్రోక్ ఆయిల్ పోస్తారు. అది మసి తప్ప ఇంకేమీ ఇవ్వదని నా అభిప్రాయం. ముడుచుకున్న రబ్బరుకి మందు కొత్త వైటన్ (డీజిల్‌కి తట్టుకునే రబ్బరు) రింగే.

ఇక డీజిలా పెట్రోలా అన్న లెక్క. బావ మైలేజీ అంటాడు. ఏడాదికి 4,000 మైళ్లు అనుకుందాం. నాది గ్యాలన్‌కి 16 ఇస్తుంది, ఆయనది 10. డీజిల్ 3.50, పెట్రోల్ 2.80 డాలర్లు వేసుకుంటే నాకు 250 గ్యాలన్లకి 875, ఆయనకి 400 గ్యాలన్లకి 1,120. తేడా 245 డాలర్లు. ఫెడరల్ పన్నే డీజిల్ మీద గ్యాలన్‌కి 24.4 సెంట్లు, పెట్రోల్ మీద 18.4, కాబట్టి బంకులో ధర అంత తేలిగ్గా మనవైపు తిరగదు. పైగా నా ఇంజన్‌కి ఆయిల్ 10 క్వార్టులు, 460కి 6. సిలిండర్ గోడలకి క్యావిటేషన్ (కూలెంట్ బుడగల దెబ్బ) చిల్లులు పడకుండా కూలెంట్‌లో ఎస్‌సీఏ అనే రక్షణ మందు కలపాలి, స్ట్రిప్పులతో పరీక్షిస్తూ ఉండాలి. బాగుచేసిన పంపు ఒక్కటి కొంటే రెండు మూడేళ్ల మైలేజీ లాభం అందులోకే పోతుంది. తక్కువ తిరిగేవాడు మైలేజీ కోసం పాత డీజిల్ కొనడం నాకు నచ్చని సలహా.

బలం అంటారా, టర్బో లేని నా ఇంజన్‌ది 180 హార్స్‌పవర్ చిల్లర, 460ది కాగితం మీద 230. ఖాళీ రోడ్డు మీద బావ నన్ను ఆడుకుంటాడు. మేకల ట్రైలర్ తగిలించాక నా బండి గేరు మార్చకుండా అదే వేగంతో ఎత్తు ఎక్కుతుంది, ఆయనది అరుస్తూ ఎక్కుతుంది. తేడా నిజానికి అక్కడే. అయితే ఆయన ఇంజన్‌కి కంప్యూటరు, సెన్సర్లు, రెండు ఫ్యూయల్ పంపుల ప్రెజర్. ఏదైనా పోతే మీటరు పట్టుకుని వైర్ల వెంట పరిగెత్తాలి. నాది సోలినాయిడ్‌కి 12 వోల్టులు అందితే మిగతాదంతా మెకానికల్. టిష్యూ కాగితంతో రోగం కనుక్కోగలిగే ఇంజన్ ఇంకోటి చూపించమనండి.

కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లకి ఇంకో లెక్క ఉంది. అక్కడ 1997, అంతకుముందు డీజిల్ బళ్లకి స్మాగ్ పరీక్ష (పొగ కాలుష్య పరీక్ష) లేదు. పెట్రోలుకైతే 1975, అంతకుముందు వాటికే మినహాయింపు. అంటే 1990 బండి పెట్రోలుదైతే పరీక్షకి వెళ్లాలి, డీజిల్‌ది అక్కర్లేదు. మా కాలిన్ కౌంటీలో 24 ఏళ్లు దాటినవాటికి ఎమిషన్ పరీక్ష ఎలాగూ లేదు కాబట్టి నాకు అది తేల్చదు. డాడ్జ్ కమిన్స్ ఎందుకు చూడవని అడిగేవాళ్లకి: 12 వాల్వుల కమిన్స్ నాకూ ఇష్టమే, గ్లో ప్లగ్గుల బాధే లేదు. తుప్పు పట్టిన క్యాబ్‌తో సహా వాళ్లు అడిగే ధర వింటేనే జ్వరం వస్తోంది.

ఇప్పటికి పని ఇలా అనుకున్నాను. సీల్ కిట్టు ఆర్డర్ చేశాను, పంపు దించకుండానే షాఫ్ట్ సీళ్లు మార్చొచ్చు. లీవర్ షాఫ్ట్ మీద ఏ పళ్ల మీద కూర్చుందో గీత గీసుకుని ఫోటో తీయాలి. పై మూత పెట్టేటప్పుడు షటాఫ్ సోలినాయిడ్ చెయ్యి గవర్నర్ (వేగాన్ని అదుపుచేసే భాగం) లింకేజీతో సరిగ్గా కలవకపోతే డీజిల్ కొలిచి వదిలే మీటరింగ్ వాల్వు ఫుల్లులో ఇరుక్కుని ఇంజన్ అదుపు తప్పి పరిగెత్తి రన్‌అవే అయిపోతుంది, తాళం తీసినా ఆగదు. అందుకని మొదటి స్టార్ట్‌కి ఎయిర్ ఫిల్టర్ తీసేసి, ఇన్‌టేక్ మీద మూయడానికి చెక్క ముక్క పట్టుకుని బావ నిలబడాలి. ఒప్పుకున్నాడు, చెక్క దళసరిగా ఉండాలని షరతు పెట్టాడు.

ముక్కు పైకి పెట్టిన బండి చలి పొద్దున మూడు సెకన్లలో లేస్తే బేరానికి కూర్చుంటాం. అయినా నాకు 460 మీద మనసు లేదు. తీసుకున్నా దాన్ని అమ్మేసి, 4.9 లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్ ఉన్న ఎఫ్-150 వెతుక్కుంటాను. బలం తక్కువే, కానీ నాకు మేకలు లేవు. షెర్మన్ వైపు ఒకటి అమ్మకానికి కనపడింది, ఫోటోల్లో టెయిల్‌గేట్ మాత్రం లేదు.