కుడి మలుపుల తోక తిప్పే బగ్గీ: 85 గ్రాముల పంచాయితీ

నా రిమోట్ కంట్రోల్ బగ్గీ (బొమ్మ రేసు కారు) ఎడమకు తిప్పితే గీత గీసినట్టు పోతది. కుడికి తిప్పి త్రాటిల్ (వేగం పెంచే మీట) అందుకుంటే చాలు, తోక జారి గిర్రున తిరిగి మొఖం నా దిక్కు పెడ్తది. పిచ్చి లేస్తంది!

సిరొంచల మిర్చి ఎత్తేసినంక ఖాళీగున్న కల్లమే మా ట్రాక్. గట్టి నేల, పైన సన్నటి దుమ్ము. గేర్లల్ల ఇరికిన మిర్చి గింజలు బ్రష్షుతోని తీస్తుంటే వచ్చే తుమ్ములు వేరే.

ముందు షాకులల్ల (కుదుపులు ఆపే ఆయిల్ గొట్టాలు) 400 సీఎస్టీ (చిక్కదనం కొలత) ఆయిల్ పోసినంక జంపు దిగితే ముక్కు నేలకు తాకుతలేదు. ఆ కథ ఒడిసింది.

ఇగ తోక సంగతి. కొత్త టైర్లు ఎక్కించిన, డిఫ్ (చక్రాలకు బలం పంచే గేర్ల పెట్టె) విప్పి చూసిన, తేడా లేదు. రైడ్ హైట్ (నేల నుంచి బండి అడుగు ఎత్తు) వెనక రెండు దిక్కుల 22 మిల్లీమీటర్లే, అందుకే అనుమానం రాలే. ఆఖరికి వంటింటి డిజిటల్ కాంటా తెచ్చి ఒక్కో చక్రం తూచిన, మిగతా మూడింటి కింద కాంటా ఎత్తుకు ప్లైవుడ్ ముక్కలు పెట్టి. ముందు ఎడమ 280 గ్రాములు, కుడి 320. వెనక ఎడమ 505, కుడి 460. ఎడమ పక్క మొత్తం 785, కుడి పక్క 780. అంటే బ్యాటరీ మంచిగనే కూసుంది. అసలు దొంగ మూలల్ల ఉన్నడు: ముందు కుడి, వెనక ఎడమ కలిపితే 825, ఇంకో మూల జత 740. కుడికి తిరిగినప్పుడు బరువు ఎడమకు ఒరుగుతది. ముందే బరువెక్కిన వెనక ఎడమ టైరు ఇంకా మోయాలె, వెనక కుడిది తేలిపోతది, పట్టు పోతది.

వెనక ఎడమ షాకు కాలర్ (స్ప్రింగును బిగించే రింగు) 1 మిల్లీమీటరు వదులు చేసి, కుడిది అంతే బిగిస్తే దాదాపు సమానమైంది. ఒక బ్యాటరీ ఖాళీ అయ్యేసరికి వెనక మళ్ల 40 గ్రాముల తేడా! వెనక షాకుల స్ప్రింగులు తీసి షాఫ్టులు (లోపలి కడ్డీలు) లోపలికి నూకి వదిలితే కుడిది 3 మిల్లీమీటర్లు వెనక్కి వస్తది, ఎడమది 7. ఆయిల్ల బుడగలు పోయేదాక ఆడించి, రెండూ ఒక్కతీరు నింపితే తేడా 25కు దిగింది. పోలే. మే ఎండకు ఆయిల్ పలచబడ్డదంటడు మా తమ్ముడు. పలచబడితే రెండు దిక్కుల పలచబడాలె గదా.

ఆయిల్ మాటొచ్చింది గాబట్టి: సీసాల మీద చిక్కదనం చెప్పే వెయిట్ నంబర్లను నమ్మి రెండు కంపెనీలవి కలపొద్దు. టీమ్ అసోసియేటెడ్ సీసా మీద 30 వెయిట్ పక్కన 350 సీఎస్టీ అని ఉంటది, నాకు అసొంటివే ఇష్టం.

ఇప్పుడు అనుమానం ఛాసిస్ (బండి అడుగు పలక) మీదనే. చక్రాలు, షాకులు తీసి గ్రానైట్ గట్టు మీద పెడితే వెనక కుడి మూల కింద 0.3 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ (సందు కొలిచే రేకు) దూరుతంది, మిగతా మూడు మూలలు ఆనుకునే ఉన్నయి. మెలిక పడ్డదేమో. పై డెక్ (ఛాసిస్ మీది పలక) స్క్రూలన్నీ వదులు చేసి, బండ మీద అదిమి పట్టి, మూలకు మూల బిగించి మళ్ల తూస్త. హింజ్ పిన్నులు (చక్రాల చేతులు తిరిగే కడ్డీలు) గూడ వంగినయేమో అద్దం మీద దొర్లించి చూడాలె. వెనక యాంటీ రోల్ బార్ (బండి పక్కకు ఒరగకుండ ఆపే కడ్డీ) పార్సిల్ కాళేశ్వరంల దించుకున్న, వంతెన దాటి తెచ్చుకునుడే మిగిలింది. కానీ 25 సున్నా అయ్యేదాక దాన్ని బిగించ, లేకుంటే ఏది ఏం చేసిందో తెల్వది. వానలు పడి కల్లం బురదయ్యేలోపు అయితే సరి, లేకుంటే టార్పాలిన్ మీద కార్పెట్ ట్రాకుల టైర్లతోని ఆడాలె.