పద్నాలుగేళ్లకు మొదటి పుస్తకం

మా అమ్మాయికి చూపు లేదు, ఒక కంటికి వెలుతురు మాత్రం తెలుస్తుంది. హియరింగ్ ఎయిడ్ పెట్టినా మాట అందదు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు నుంచి వచ్చే కదలికల లోపం వల్ల కుడి చెయ్యి సగం రోజులు చెప్పిన మాట వినదు. పద్నాలుగేళ్లు వచ్చేదాకా తన చదువు ఊసు ఎవరూ ఎత్తలేదు. ఒక స్కూల్లో అయితే "స్నానం, తిండి నేర్పుకోండమ్మా, అక్షరాలతో తనకేం పని?" అన్నారు. బాధపడ్డాను కానీ, లోపల నేనూ అలాగే అనుకుంటున్నాను.

తర్వాత దొరికిన టీచర్ గారు మొదటి రోజే "నిన్న తను ఏం చేసింది?" అని అడిగారు. కారులో అలా తిప్పుకొచ్చామన్నాను. "అయితే దాని మీదే పుస్తకం రాద్దాం" అన్నారు. ఒక అట్ట, దాని మీద ఒక వస్తువు, కింద బ్రెయిల్‌లో, అంటే వేళ్లతో తడిమి చదివే ఉబ్బెత్తు చుక్కల లిపిలో, ఒక చిన్న వాక్యం. పేజీ అంటే అంతే.

నేను ఉత్సాహంగా ఒక బొమ్మకారు తెచ్చి అతికించాను. తను తడిమింది, చక్రం తిప్పింది, వదిలేసింది. చూసే వాళ్లకే అది కారు. వేళ్లకు అదొక ప్లాస్టిక్ ముక్క. తనకు కారంటే ఛాతీ మీదుగా వచ్చే సీటు బెల్టు. పాత బెల్టు ముక్క ఒకటి సంపాదించి అతికించాక, దాన్ని రెండుసార్లు నిమిరి, ఎడమ చెయ్యి భుజం మీద పెట్టుకుంది. బెల్టు తగిలేది సరిగ్గా అక్కడే.

ఆ తర్వాత వస్తువు నేను ఎంచడం మానేశాను. ఆస్పత్రి పేజీకి స్టెతస్కోప్ అనుకున్నాను గానీ, రక్తం తీసిన చోట వేసిన టేపును తను దారి పొడవునా గోటితో గీకుతూనే వచ్చింది. పేజీ మీద టేపే పెట్టాం.

నాకు అన్నిటికంటే కష్టమైంది నా చేతుల్ని అదుపులో పెట్టుకోవడం. తన చెయ్యి పట్టుకుని చుక్కల మీదికి లాగడం అలవాటు. అలా కాదు, నా చెయ్యి తన చేతి కింద ఉండాలి, ఎప్పుడు కావాలంటే అప్పుడు తను తీసేసుకోగలగాలి. పేజీ తిప్పాక ఊరికే ఆగాలి. పది అంకెలు లెక్కపెట్టమన్నారు. ఒక్కోసారి ముప్ఫై దాటేది. అసలు కాళ్ల కింద పీట లేకపోతే ఏదీ జరగదని కూడా ఆలస్యంగా తెలిసింది. పాదాలు ఆనకపోతే చేతులు కుర్చీని పట్టుకోవడానికే సరిపోతాయి, ఇక చదివేదెక్కడ?

"బ్రెయిల్ రానిదానికి కింద ఆ వాక్యం ఎందుకు?" అని మా ఆయన అడిగారు. చూపున్న పిల్లలు చదవడం రాకముందే గోడల మీద, డబ్బాల మీద వేల అక్షరాలు చూస్తారు. మా అమ్మాయి వేలికి అప్పటిదాకా ఒక్కటీ తగల్లేదు.

బ్రెయిల్ టైపు మిషన్ కూడా ఇచ్చారు. ఆరు చుక్కలకు ఆరు మీటలు. తను ఆరూ ఒకేసారి నొక్కేది. కాగితాలు దండగ అని నేను, పిచ్చిగీతలు గీయకుండా రాత నేర్చుకున్నవాళ్లెవరని టీచర్ గారు. రోజూ ఒక కాగితం నింపేది. కొన్ని నెలలకు మధ్యలో ఖాళీలు వదలడం మొదలైంది.

1837లో బోస్టన్‌లో శామ్యూల్ హోవ్ అనే డాక్టర్, చూపూ వినికిడీ లేని ఏడేళ్ల లారా బ్రిడ్జ్‌మన్‌కు చెంచాల మీద, తాళంచెవుల మీద ఉబ్బెత్తు అక్షరాల చీటీలు అతికించి చదువు మొదలుపెట్టాడట. ఇది చదివి ధైర్యం వచ్చింది, కొంచెం అసూయ కూడా కలిగింది. ఆ పిల్ల చేతులు రెండూ చక్కగా పనిచేసేవి మరి.

ఇప్పుడు తనకు పదహారు. పుస్తకాలు తొమ్మిదయ్యాయి. వాక్యాలు చదవడం రాలేదు. తన పేరులోని మొదటి అక్షరం మాత్రం ఎక్కడ తగిలినా వేలు అక్కడే ఆగుతుంది.

ఒక పని ముగిశాక, ఆ పనిని సూచించే వస్తువును వేసేందుకు మాకొక బుట్ట ఉంది. అందులో పడిందంటే అది అయిపోయినట్టే. పోయిన వారం ఆస్పత్రి పుస్తకం తెరిచాం. టేపు పేజీ తగలగానే తను ఆగి, ఎడమ చేత్తో చించి, తడుముకుంటూ వెళ్లి బుట్టలో పడేసి వచ్చి కూర్చుంది. వచ్చే నెల మళ్లీ రక్తపరీక్ష ఉంది. ఆ పేజీ లేకుండా ముందుగా ఎలా చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.