ఎనిమిది జీబీ వేయిస్తే నాలుగే కనిపిస్తోందా?

కంప్యూటర్‌లో ఎనిమిది జీబీ ర్యామ్ వేయించినా నాలుగే చూపిస్తోందని చెప్పేవారిని నేను ముందుగా అడిగేది, ఆ అంకెను ఎక్కడ చూశారని. దాదాపు అందరూ విండోస్‌లో చూసే చెబుతారు. మెషీన్ ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కితే వచ్చే బయోస్ తెరలో కూడా ర్యామ్ లెక్క ఉంటుంది. అక్కడే నాలుగు ఉంటే లోపం ర్యామ్ స్టిక్కులోనో, దాన్ని గుచ్చే స్లాటులోనో, మదర్‌బోర్డులోనో ఉన్నట్టు. అక్కడ ఎనిమిది ఉండి విండోస్‌లో మాత్రమే తగ్గితే చాలావరకు డబ్బా విప్పవలసిన పని ఉండదు. ఈ ఒక్క తేడా చూసుకోకపోవడం వల్ల కొందరు విండోస్‌ను మళ్లీ మళ్లీ ఎక్కిస్తారు, మరికొందరు అనవసరంగా కొత్త స్టిక్కు కొంటారు.

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల నుంచి నా దగ్గరికి వచ్చే మెషీన్లలో ఎక్కువ భాగం మొదటి రకమే. ధర్మకాంటా గదిలో ఉండే కంప్యూటర్ మూత తీస్తే ఫ్యాను రెక్కల మీద, ర్యామ్ స్లాటు గాడిలో లేత గోధుమరంగు పొర కనిపిస్తుంది. అది వట్టి దుమ్ము కాదు, తవుడు. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి బ్లోయరు కొట్టినా పైపొర మాత్రమే లేచిపోయి, గాడి లోపలి సన్నని పిన్నుల మధ్య చేరింది అలాగే అంటుకుని ఉంటుంది. కరెంటు తీగ పూర్తిగా పీకి, పవర్ బటన్‌ను కాసేపు నొక్కి లోపల మిగిలిన కరెంటును పోగొట్టి, స్టిక్కు తీసి, దాని బంగారు రంగు పళ్లను బడిపిల్లలు వాడే మెత్తని రబ్బరుతో రుద్ది పొడి దులిపి, స్లాటును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా తడిపిన మెత్తని బ్రష్షుతో శుభ్రం చేసి, బాగా ఆరిన తర్వాత క్లిప్పు టక్కుమనేదాకా స్టిక్కును నొక్కాలి. సగానికి సగం ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయి.

తీరకపోతే ఒక్కొక్క స్టిక్కునే, ఒక్కొక్క స్లాటులో పెట్టి చూడాలి. ఏ స్లాటులో పెట్టినా పలకని స్టిక్కు పాడైనట్టే. ఏ స్టిక్కు పెట్టినా పలకని స్లాటు విషయంలో మాత్రం తొందరపడి బోర్డు పోయిందని తేల్చకూడదు. ఇప్పటి ప్రాసెసర్లలో ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్ లోపలే ఉంటుంది కాబట్టి, ప్రాసెసర్ కూర్చునే సాకెట్టులో ఒక్క పిన్ను వంగినా ఒక ఛానెల్, అంటే ర్యామ్‌కు వెళ్లే ఒక దారి, మొత్తం కనబడకుండా పోవచ్చు. ప్రాసెసర్ ఫ్యాను మార్పించిన తర్వాతే ర్యామ్ తగ్గిందని ఎవరైనా అంటే నా అనుమానం నేరుగా అక్కడికే పోతుంది.

బోర్డుకు కూడా ఒక హద్దు ఉంటుంది. బోర్డు మీది ప్రధాన చిప్పులనే చిప్‌సెట్ అంటారు; ఇంటెల్ జీ31 చిప్‌సెట్ 4 జీబీ దాటనివ్వదు, జీ41 అయితే 8 జీబీ దాకా ఒప్పుకుంటుంది. ఏఎండీ ప్రాసెసర్ల బోర్డులకు మాత్రమే అని అమ్మే చౌక డీడీఆర్3 (పాత తరం ర్యామ్) స్టిక్కులు పాత ఇంటెల్ బోర్డులో పలకకపోతే తప్పు ఎవరిదీ కాదు. ధర తక్కువని కొనేముందు బోర్డు పేరు చూసుకోవడం మేలు.

ఇక బయోస్‌లో ఎనిమిది ఉండి, విండోస్‌లో వాడకానికి 3.2 దగ్గరో 3.5 దగ్గరో ఆగిపోతే అది 32 బిట్ విండోస్ అని దాదాపు ఖాయం. ర్యామ్‌లోని ప్రతి బైటుకూ ఒక చిరునామా కావాలి; 32 బిట్ల చిరునామాలు మొత్తం 4,29,49,67,296 మాత్రమే, అంటే సరిగ్గా 4 జీబీ. అందులోనూ గ్రాఫిక్స్ కార్డు వంటి పరికరాలకు కొన్ని చిరునామాలు పోతాయి. “పైసలు ఎనిమిదికి కట్టినం గద సారూ, మిగిలింది యాడికి పోయింది?” అని ఒక మిల్లు గుమాస్తా అడిగాడు. ర్యామ్ ఎక్కడికీ పోలేదని, దాన్ని చేరే చిరునామా విండోస్ దగ్గర లేదని చెప్పాను. ఇంకా ఎక్కువ చిరునామాలుండే 64 బిట్ విండోస్‌కు మారాలంటే ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ కుదరదు, ఫైళ్లన్నీ వేరేచోట దాచుకుని కొత్తగా ఎక్కించాలి. పైగా పాత కాంటా సాఫ్ట్‌వేర్ 16 బిట్ కాలానిదైతే 64 బిట్ విండోస్‌లో అసలు తెరుచుకోదు. లారీ తూకం చీటీ కొట్టడానికి మూడు జీబీ ధారాళంగా సరిపోతుంది కాబట్టి అటువంటి చోట దాన్ని కదపవద్దనే చెబుతాను.

64 బిట్ ఉండి కూడా తక్కువ చూపిస్తే, విండోస్‌లోనే ఉండే ఎంఎస్‌కాన్ఫిగ్ అనే సెట్టింగుల పనిముట్టు తెరిచి, బూట్ ట్యాబులోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో మాగ్జిమమ్ మెమరీ గడికి టిక్కు ఉందేమో చూడాలి. ఆ గడి ర్యామ్‌కు పగ్గం వేయడానికే ఉంది. అక్కడ టిక్కు పెడితే స్పీడు పెరుగుతుందని వీడియోల్లో చెప్పే మాట శుద్ధ అబద్ధం. టిక్కు తీసి రీస్టార్ట్ చేస్తే చాలు.

ఎనిమిదికి బదులు 5.9 చూపించే, ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లు కూడా వస్తుంటాయి. వేరే గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్‌లో తెర కోసం 2 జీబీ దాకా ర్యామ్ నుంచే పక్కన పెడతారు; టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద మెమరీ నొక్కితే ఆ వాటా హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ అన్న పేరుతో కనబడుతుంది. బయోస్‌లో తగ్గించుకునే వీలుంటే తగ్గించుకోవచ్చు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ వీలే ఉండదు, వాటి మీద రిపేరు పేరుతో పైసా ఖర్చు పెట్టవద్దు.