ఓడలో గది దాటని మూడు రోజులు

తిరుపతి నుంచి సింగపూరు ఓడ షికారుకు దారి కష్టమేమీ కాదు. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లోనో బస్సులోనో చెన్నై చేరితే, అక్కణ్నుంచి విమానంలో నాలుగు గంటలు. మరీనా బేలో ఓడ ఎక్కి పెనాంగ్, ఫుకెట్ చూసుకుని, నాలుగు రాత్రుల తర్వాత మళ్లీ సింగపూరులోనే దిగాలి. పెనాంగ్ చూశాం. ఆ రాత్రి రెండు గంటలకు నాకు వాంతులు మొదలయ్యాయి. ఓడ దిగే పొద్దు దాకా గది గడప దాటలేదు. ఫుకెట్ కొండల్ని కిటికీ అద్దంలోంచే చూశాను. మలపరీక్షలో నోరోవైరస్ అని, అంటే వాంతులు, విరేచనాలు తెచ్చే అంటువైరస్ అని తేలింది. పెద్దవాళ్లనూ పిల్లల్నీ వెంటబెట్టుకుని మన ఊళ్ల నుంచి ఓడ ఎక్కేవాళ్లకు పనికొస్తుందని, అక్కడి పద్ధతి, ఇంటి నుంచే సర్దుకోవాల్సినవి విడమరిచి రాస్తున్నాను.

వాంతి కాగానే అందరూ అనే మాట "సముద్రం పడలేదు" అని. తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లో కడుపు తిప్పడం మనకు తెలిసిందే కాబట్టి ఇదీ అదేననుకుంటాం. రెండూ వేరు. ఓడ ఊగుడుకు వచ్చే వాంతి ఊగుడుతో పాటే తగ్గుతుంది. కింది అంతస్తులో, ఓడ నడిమి భాగంలో పడుకుంటే నెమ్మదిస్తుంది. జ్వరం రాదు, విరేచనాలు కావు. నోరోవైరస్ వాంతి ఉన్నట్టుండి తన్నుకొస్తుంది, ఓడ రేవులో కదలకుండా ఉన్నా ఆగదు. గంటల్లోనే నీళ్ల విరేచనాలు, కడుపు మెలిపెట్టడం, ఒళ్లు నొప్పులు, కొందరికి కాస్త జ్వరం తోడవుతాయి. ఒంట్లో చేరిన 12 నుంచి 48 గంటల్లో బయటపడుతుంది. కాబట్టి ఎక్కిన మర్నాడే పడకేసిన మనిషికి అది ఓడ తిండి వల్లే వచ్చిందని తేల్చలేం. ఎక్కేముందు తిన్నదో, పట్టుకున్నదో కూడా కావచ్చు.

అసలు నష్టం దాచడం వల్ల జరుగుతుంది. గదిలో పెట్టేస్తారని, ఊరు చూడనివ్వరని, డాక్టరు ఫీజు డాలర్లలో పడుతుందని భయపడి, ఏదో మాత్ర వేసుకుని భోజనాల హాలుకు వెళ్లేవాళ్లుంటారు. ఈ వైరస్ అంటుకోవడానికి లెక్కకు కొన్ని పదుల కణాలు చాలు. బఫేలో వాళ్లు పట్టుకున్న గరిటెను వెనక వచ్చే వందమందీ పట్టుకుంటారు. దయచేసి దాచకండి. అలాగని వైద్యకేంద్రానికి నడిచీ వెళ్లకండి. గది ఫోను నుంచే చెబితే నర్సే వస్తుంది, లేదా ఏ దారిన ఎప్పుడు రావాలో చెబుతుంది.

ఆమె అడిగేవి ముందే కాగితం మీద రాసి ఉంచితే మేలు. మొదటి వాంతి ఎన్నింటికి అయింది, 24 గంటల్లో ఎన్ని విరేచనాలు, రక్తం పడిందా, మూడు రోజులుగా ఏమేం తిన్నారు, గదిలో ఇంకెవరున్నారు, రోజూ వాడే మందులేంటి. అమెరికా రేవులకు వెళ్లే ఓడల్లో అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సి.డి.సి. నియమం ఒకటుంది. ప్రయాణికుల్లో గానీ సిబ్బందిలో గానీ 3 శాతం మందికి ఇలా కడుపు చెడితే ఆ ఓడ వివరాలు జనానికి ప్రకటిస్తారు, ఆ లెక్క కోసమే ఇవన్నీ అడుగుతారు. మేం వెళ్లింది ఆ సముద్రాలు కాకపోయినా ప్రశ్నలు ఇవే.

జబ్బు చేసినవాళ్లను విడిగా ఉంచడం ఐసొలేషన్. జబ్బు లేకున్నా తగిలి ఉండొచ్చన్నవాళ్లను ఆపడం క్వారంటైన్. 2020 ఫిబ్రవరిలో యోకొహామా దగ్గర కోవిడ్ వల్ల డైమండ్ ప్రిన్సెస్ ఓడలో 3,711 మందిని ఆపింది రెండో రకం. నోరోవైరస్‌కు అంత దూరం పోదు. వాంతులు, విరేచనాలు పూర్తిగా ఆగాక ఇంకో 24 గంటలు గదిలో ఉంచుతారు. వంటవాళ్లయితే 48 గంటలు. చాలామందికి ఒకటి నుంచి మూడు రోజుల్లో నయమవుతుంది గనక నాలుగు రాత్రుల ప్రయాణంలో మిగిలేదేమీ ఉండదు, అది ముందే మనసుకు చెప్పుకోవాలి. తాళం కార్డు మీద గుర్తు పెడతారు, రేవులో దిగబోతే గేటు దగ్గర తెలిసిపోతుంది. భోజనం తలుపు బయట పెట్టి వెళ్తారు. దుప్పట్లు, తువ్వాళ్లు ఎర్ర సంచిలో కట్టి ఇవ్వాలి. ఓడ మరుగుదొడ్డి గాలితో లాగే రకం. తడి తుండు కాగితాలు అందులో వేస్తే మన గదితో పాటు వరసలో ఉన్న గదులన్నిటికీ గొట్టం మూసుకుపోతుంది. మూత వేశాకే ఫ్లష్ నొక్కాలి.

మందుల్లో అన్నిటికంటే ముఖ్యం ఓఆర్‌ఎస్, అందరూ తప్పు కలిపేదీ దాన్నే. మన మందుల షాపులో దొరికే పెద్ద ప్యాకెట్, సుమారు 21 గ్రాములది, సరిగ్గా లీటరు నీటికి. గదిలో పెట్టే నీళ్ల సీసా అర లీటరుదైతే ప్యాకెట్ మొత్తం అందులో పోసేస్తారు. అప్పుడు ఉప్పు, చక్కెర రెట్టింపై పేగులోకి నీటిని లాగి విరేచనాలు పెరుగుతాయి, పిల్లలకైతే ఒంట్లో ఉప్పు ప్రమాదకరంగా పెరగొచ్చు. సగం ప్యాకెట్ అంచనాగా పోయడం కూడా సరికాదు, పొడులు సమంగా కలిసి ఉండవు. 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లు మనిషికి పది చొప్పున తీసుకెళ్లండి, గ్లాసుకు ఒకటి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. డబ్బాల్లో అమ్మే తియ్యటి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. ఆ పేరు వాటి మీద వేయకూడదని మన ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది కూడా.

తాగే తీరూ ఉంది. వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకో చెంచా. దాహమని గ్లాసు గటగటా తాగితే అంతా వెనక్కి వస్తుంది. విరేచనం అయిన ప్రతిసారీ పెద్దవాళ్లు 200 నుంచి 400 మిల్లీలీటర్లు, రెండు నుంచి పదేళ్ల పిల్లలకు 100 నుంచి 200, అంతకు చిన్నవాళ్లకు 50 నుంచి 100. విరేచనాలు కట్టే మాత్ర పిల్లలకు వద్దు, జ్వరమో రక్తమో ఉంటే పెద్దలకూ వద్దు. యాంటీబయాటిక్ ఈ వైరస్‌ను ఏమీ చేయదు. షుగరు, బీపీ మాత్రలు, ముఖ్యంగా మూత్రం ఎక్కువ పోయించేవి వాడే పెద్దవాళ్లు ఈ రెండు రోజులూ వాటిని ఎలా వాడాలో ఓడ డాక్టరునే అడగాలి.

తిండికి బొరుగులు, ఉప్పు బిస్కెట్లు సీలు విప్పని ప్యాకెట్లలో పెట్టుకోండి. కెటిల్, రైస్ కుక్కర్ లాంటివి ఓడ ఎక్కేటప్పుడే తీసేసుకుంటారు కాబట్టి గదిలో జావ కాచుకునే ఆశ వద్దు. ఫోనులో "కంజీ" అంటే వంటగదివాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. పలచగా, ఉప్పు వేసి, మాంసం లేకుండా అని గట్టిగా చెప్పాలి, లేకపోతే కోడి ముక్కలతో వస్తుంది.

ఒకే గదిలో ఉన్న రెండో మనిషిని కాపాడేది సబ్బు. కోవిడ్ రోజుల్లో అలవాటైన చేతి జెల్ ఇక్కడ నమ్మదగింది కాదు. కోవిడ్ వైరస్‌కు కొవ్వు పొర ఉంటుంది, ఆల్కహాల్ దాన్ని కరిగిస్తుంది. నోరోవైరస్‌కు ఆ పొరే లేదు. సబ్బుతో 20 సెకన్లు రుద్ది పారే నీటి కింద కడిగితే వైరస్ చర్మం వదిలి నీటితో పోతుంది.

బీమా విషయం క్లుప్తంగా. వైద్యకేంద్రం బిల్లు గది ఖాతాలో పడుతుంది, అక్కడికక్కడ మనమే కట్టి తర్వాత రాబట్టుకోవాలి. మందుల వారీగా విడివిడి బిల్లు, డాక్టరు రాసిన నివేదిక, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా గదిలో ఉంచారో తెలిపే ఉత్తరం, ఈ మూడూ దిగే ముందే చేతికి తీసుకోండి. పాలసీ కొనేటప్పుడే ఓడ ప్రయాణం, గదిలో ఆపివేత వర్తిస్తాయా అని అడిగి రాతలో తీసుకోవాలి.

ఇంటికొచ్చాక కూడా పని ఉంది. మరుగుదొడ్డి, కుళాయి పిడులు, తలుపు గొళ్లేలు తుడవడానికి 33 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ లీటరు నీటికి 3 గ్రాములు చాలు. వాంతి పడినచోట ముందు కాగితంతో ఎత్తేసి, లీటరుకు 15 గ్రాములు కలిపి ఐదు నిమిషాలు నాననివ్వాలి. టాయిలెట్ యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది, రెండూ ఒకేసారి వాడొద్దు. ఎనిమిది గంటలు మూత్రం రాకపోయినా, లేస్తే కళ్లు తిరిగినా ఆసుపత్రికి, తిరుపతిలోనైతే రుయాకో స్విమ్స్‌కో వెళ్లాలి.

క్షేమంగా ఇల్లు చేరామని ఆ రోజే కొండెక్కాలనిపిస్తుంది. లక్షణాలు ఆగి 48 గంటలు గడిచేదాకా ఆగండి. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో గంటల తరబడి ఒకే కంపార్ట్‌మెంటులో పసిపిల్లలు, ముసలివాళ్లు ఉంటారు. శ్రీవారి సేవకు పేరిచ్చి ఉంటే, తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో వడ్డనకు నిలబడొద్దు. తగ్గాక కూడా రెండు వారాల పాటు మలంలో వైరస్ పోతూనే ఉంటుంది, అన్నాల దగ్గర కాకుండా ఇంకో పని అడిగి చేయండి.